బూడిద దారిలో నాలుగు రోజులు

ఆరో తరగతి పిల్లలకు ఇరవై రెండేళ్లుగా అదే పాఠం చెబుతున్నాను. ఆదిమానవులు గుంపులుగా తిరిగేవారు, వేటాడేవారు, దుంపలూ కాయలూ ఏరుకునేవారు, తర్వాత విత్తనం వేశారు, పశువులను కట్టేశారు, ఊళ్లు వెలిశాయి. మొత్తం ఒక పీరియడు. నిరుడు ఒక పిల్ల లేచి, "టీచర్, మన దగ్గర మొట్టమొదట ఏం పండించారు?" అని అడిగింది. "జొన్నలూ రాగులూ అయ్యుంటాయమ్మా" అన్నాను, ధీమాగా.

ఇంటికొచ్చి చూసుకుంటే అది తప్పు. జొన్న, రాగి రెండూ ఆఫ్రికాలో పుట్టి, మన వైపు తర్వాతెప్పుడో వచ్చిన పంటలు. మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను గానీ మనసులో ముల్లు మిగిలిపోయింది. జనవరి చివర్లో నాలుగు రోజులు సెలవు పెట్టి, తమ్ముణ్ని బతిమాలి, ఆ జవాబు వెతుక్కుంటూ వాడి కారులో బయల్దేరాను. పెట్రోలు నాది, డ్రైవింగు వాడిది, తిండి ఖర్చు చెరిసగం. వచ్చి వారమైంది, చెప్పుల మడతల్లో బూడిద ఇంకా పోలేదు. అది పోయేలోపు రాసేస్తున్నాను.

మొదటి రోజు: కర్నూలు, బేతంచెర్ల

కర్నూల్లో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై. తమ్ముడికి చరిత్ర మీద ఆసక్తి లేదు, తిండి మీద ఉంది. అందుకని ఒక ఆట పెట్టాడు: "ఈ ప్లేట్లో మీ ఆదిమానవుడికి తెలిసింది ఏముందక్కా?"

చూశాను. బొరుగులు వరి. దక్కనులో మొదటి రైతులకు వరి లేదు. మిరపకాయ పోర్చుగీసువాళ్లు తెచ్చింది, అంటే నిన్నగాక మొన్న. బజ్జీ పిండీ, పైన చల్లిన పుట్నాల పొడీ శెనగ. దాని పుట్టిల్లు పశ్చిమాసియా. వేరుశెనగ నూనె దక్షిణ అమెరికాది. "ఉప్పు" అన్నాను. వాడు నవ్వి ఇంకో ప్లేటు చెప్పాడు. ఆ ఆట నాలుగు రోజులూ సాగింది.

బేతంచెర్ల అంటే బండలు. ఊరికి ఆమడ దూరం నుంచే రోడ్డు పక్కన పలకలు నిలబెట్టి ఉంటాయి. చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి పొడి. టీ కొట్టు దగ్గర ఆగి "గుహలు ఎటు?" అని అడిగాం. "గుహలంటే బెలుం సార్, ఇక్కడ కాదు, ఇంకా ముందుకు పోవాల" అన్నాడు టీ కొట్టాయన. అక్కడే ఉన్న ఇంకొకాయన కాదు కాదని దారి చెప్పాడు. ఆ దారి ఒక బండల పాలిషింగ్ యూనిట్లో తేలింది. యజమాని మమ్మల్ని కొనేవాళ్లనుకుని మజ్జిగ తెప్పించి, "ఇల్లు కడుతుండారా?" అన్నాడు. సంగతి చెబితే నిరాశపడ్డా, లోపల పనిచేస్తున్న కుర్రాణ్ని పిలిచి మాతో పంపాడు. మజ్జిగకు డబ్బులిస్తే తీసుకోలేదు. కుర్రాడు మూడు వందలు అడిగాడు, ఇచ్చాం.

కారెక్కగానే ఆ కుర్రాడు నాకు పాఠం చెప్పాడు. "గుహ అంటే ఎవురికి తెలుస్తాది మేడమ్? గవి అనాల. లేదంటే బిల్వస్వర్గం అని అడగాల." గవి! ఆ మాట నాకు ముందే తెలిసుండాల్సింది. ఈ బేతంచెర్ల చుట్టుపక్కలే ముచ్చట్ల చింతమాను గవి అనే చోట పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి 1970లలో తవ్వి, ఎముకతో చేసిన పనిముట్లు, నిప్పు రాజేసిన పొయ్యి జాడ బయటపెట్టారు. ఆ పొయ్యి వయసు సుమారు 17 వేల ఏళ్లని తేల్చారు. పేరులోనే గవి ఉంటే నేను ఊరంతా తిరిగి గుహ అని అడిగాను.

బిల్వస్వర్గం నేను ఊహించినట్టు కొండకు బొర్ర పెట్టినట్టు లేదు. ఎప్పుడో పైకప్పు కూలిపోయి సున్నపురాతి గోడల మధ్య లోతైన సందులా మిగిలింది. ఆ సందులోకి గవులు తెరుచుకుంటాయి. కిందికి దిగగానే ఎండ ఆగిపోయింది, గబ్బిలాల కంపు మొదలైంది. తమ్ముడు ముక్కు మూసుకుని, "స్వర్గమా ఇది!" అన్నాడు.

1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గవుల గురించి రాశాడు. నలభై ఏళ్ల తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు. జియలాజికల్ సర్వేలో ఉద్యోగి. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతి గొడ్డలి ఏరి, మన దేశ ప్రాక్‌చరిత్రకు తలుపు తీసినాయన ఇతనే. ఇక్కడి తవ్వకం మాత్రం ఎక్కువగా ఆయన కొడుకు హెన్రీ చేశాడు. గవులకు పెట్టిన పేర్లు ముచ్చటగా ఉంటాయి: ఒకటి ఎముకల కొట్టు, ఒకటి కేథడ్రల్, ఒకటి పర్గెటరీ. మనవాళ్లు స్వర్గమన్న చోటును ఆయన స్వర్గానికి ముందు మజిలీ చేశాడన్నమాట.

ఎముకల కొట్టు పేరు మాత్రం ఊరికే పెట్టింది కాదు. ఇక్కడ మట్టి పొరల్లో ఖడ్గమృగం లాంటి జంతువుల ఎముకలు కూడా దొరికాయి. నాకు ఇష్టమైన సంగతి ఇటీవలిది. 2014లో అచ్చయిన పరిశోధన ఈ గవుల ఎముకలను మళ్లీ లెక్కపెట్టి, గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 గత 2 లక్షల ఏళ్లుగా ఈ ఉపఖండంలో నిలిచే ఉన్నాయని చెప్పింది. వేరే ఖండాల్లో పెద్ద జంతువులు గుంపులు గుంపులుగా అంతరించిన కాలం అది. ఇక్కడ వేటగాడూ వేటా రెండూ మిగిలాయి.

కుర్రాడు లోపలికి చూపిస్తూ, "ఇక్కడ మా తాత మేకలను వానకు తోలేవాడంట" అన్నాడు. పదిహేడు వేల ఏళ్ల కిందటి పొయ్యి కన్నా ఆ మాట నాకు దగ్గరగా అనిపించింది.

రెండో రోజు: జ్వాలాపురం

రాత్రి బనగానపల్లెలో లాడ్జి, తొమ్మిది వందలు. మామిడి పేరు మోసిన ఊరికి జనవరిలో వెళ్లడం పెళ్లయ్యాక పందిరికి వెళ్లినట్టు. పండ్ల బండివాడు కూడా, "మేలో రండి అక్కా" అని జాలిపడ్డాడు. యాగంటికి వెళ్లి బసవన్న చుట్టూ ఒకసారి తిరిగొచ్చాం. విగ్రహం పెరుగుతోందో లేదో గానీ పార్కింగు రేటు పెరిగిందని తమ్ముడు గొణిగాడు.

అసలు పని జ్వాలాపురంలో. జుర్రేరు వాగు లోయలో ఉన్న మామూలు పల్లె. నల్లరేగడి, శెనగ కోతలు, రోడ్డు మీద ట్రాక్టర్లు. ఊరి బయట గుంతలు ఉన్నాయి. వాటి అంచుల్లో మట్టి కింద తెల్లగా, బూడిదరంగులో ఒక పొర. వేలితో తాకితే టాల్కం పౌడరులా రాలింది.

అది సుమత్రా దీవి నుంచి వచ్చిన బూడిద. సుమారు 74 వేల ఏళ్ల కిందట అక్కడ టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ నోరు ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవున్న సరస్సు. ఎగిసిన బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటొచ్చి ఇక్కడ రాలింది. చుట్టుపక్కల మిట్టల మీద పడింది కూడా వానకు కొట్టుకొచ్చి ఈ పల్లంలో చేరింది. అందుకే కొన్ని చోట్ల మనిషి ఎత్తుకు మించి ఉంది. ఊరి పేరులో జ్వాల ఉండటం కాకతాళీయమే. అయినా ఒళ్లు జలదరించింది, దాచుకోను.

పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఇక్కడ తవ్వి 2007లో ఒక మాట చెప్పింది. బూడిద పొర కిందా రాతి పనిముట్లు ఉన్నాయి, పైనా ఉన్నాయి, రెండూ ఒకే తీరులో ఉన్నాయి. అంటే ఆకాశం నుంచి బూడిద కురిసిన తర్వాత కూడా ఇక్కడ మనుషులు అదే పద్ధతిలో రాయి చెక్కుకుంటూ బతికారు. ఆ చెక్కింది మనలాంటి మనుషులా, అంతకు ముందరి జాతివాళ్లా అన్నది ఇప్పటికీ తగువే. ఎముకలు దొరికితే గానీ తేలదు.

గుంత గట్టు మీద నిలబడి నేను ఇదంతా తమ్ముడికి చెబుతుంటే, శెనగ చేను నుంచి ఒక పెద్దామె వచ్చి విన్నది. "ఆ బూడిద మన్నా? మా చిన్నప్పుడు గిన్నెలు దానితోనే తోముకుంటిమి. లారీలకెత్తి పంపేటోళ్లు గూడా" అంది. నిజమే, గిన్నెలు తోమే పొడికి వాడతారని ఈ బూడిదను చాలాకాలం తవ్వి అమ్మారు. తవ్వకాల గుంతల వల్లే పొరలు కూడా శాస్త్రవేత్తల కంటపడ్డాయి. మా అమ్మ కొబ్బరి పీచుతో తోమిన పాకెట్ పొడిలో సుమత్రా ఎంత ఉండేదో మరి.

"మీరు మన్ను కొంటారా?" అని అడిగింది ఆమె. కాదన్నాను. "మరి యాడ నుంచి వచ్చినారు? అంత దూరం నుంచి దీని కోసమా?" అని నా చెప్పుల వంక చూసి, చేతిలో పచ్చిశెనగ కట్ట పెట్టింది. ఎంత చెప్పినా డబ్బు ముట్టలేదు. వాళ్ల చేలో కూర్చోబెట్టి జొన్నరొట్టె, గోంగూర పెట్టింది. తమ్ముడు నా చెవిలో, "జొన్న ఆఫ్రికా, పచ్చిమిర్చి అమెరికా, గోంగూర?" అన్నాడు. గోంగూర మొక్క కూడా ఆఫ్రికా వైపుదే అంటారు. ఆ మాట ఆమె ముందు అనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ గోంగూర అంత బాగుంది.

ఈ ఊరికే చెందిన ఒక రాతి చరియ కింద సూక్ష్మ పనిముట్లు దొరికాయి: గోరంత రాతి పలుకులు, వాటిని కర్రకో ఎముకకో అతికించి బాణంగా, కత్తిగా వాడతారు. 35 వేల ఏళ్ల కిందటి నుంచీ ఉన్నాయి. పూసలు కూడా. దండ వేసుకున్నారంటే ఎదుటివాడు చూస్తాడనే కదా. సాయంత్రం ఆ వైపు నడుస్తుంటే తమ్ముడు పదునైన చిన్న పలుకు ఒకటి ఏరి జేబులో వేసుకున్నాడు. పనిముట్టో, ఉత్త రాయో మాకు తెలియదు. "ఎక్కడ తీశావో అక్కడే పెట్టు" అన్నాను. కదిలించిన రాయికి కథ పోతుంది. "ఇన్ని లారీలు పోయాక నా ఒక్క రాయితోనే పోతుందా అక్కా" అన్నాడు. సమాధానం లేదు గానీ పెట్టించాను. దారంతా ముఖం మాడ్చుకున్నాడు.

ఆ 35 వేల ఏళ్లకూ మేం మర్నాడు చూడబోయే నాలుగు వేల ఏళ్లకూ మధ్య ఉన్నది ముప్పై వేల ఏళ్లు. నా పాఠంలో అది ఒక కామా.

మూడో రోజు: బళ్లారి, సంగనకల్లు

డోన్, గుత్తి, గుంతకల్లు మీదుగా బళ్లారి చేరాం. గుంతకల్లు దాటాక ఒక చోట తప్పు మలుపు తిరిగి ఇరవై కిలోమీటర్లు వృథా. బోర్డులు కన్నడంలోకి మారాయి, మాటలు మాత్రం మారలేదు. 1953 దాకా ఇది కూడా మద్రాసు రాష్ట్రంలోని దత్తమండలమే కదా. మెస్సులో కూర్చుంటే వడ్డించేవాడు సగం కన్నడం, సగం తెలుగులో, "అణ్ణా, హురళి సారు వేయాలా?" అన్నాడు.

హురళి అంటే ఉలవ. నేను లేచి నిలబడినంత పనిచేశాను.

ఎందుకంటే మేం వెళ్తున్న సంగనకల్లులో దొరికిన గింజల్లో ఉలవ ఉంది. పాత గింజలను పరిశోధించే డోరియన్ ఫుల్లర్, కోరిశెట్టర్ లాంటివాళ్లు ఇక్కడి నవీన శిలాయుగపు, అంటే తొలి సేద్యం నాటి, మట్టిని బకెట్లలో నీళ్లు పోసి కలిపారు. పప్పు కడిగితే పొల్లు తేలినట్టు, కాలి బొగ్గయిన గింజలు పైకి తేలతాయి. వడగట్టి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద చూస్తారు. తేలినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్ర జాతికే చెందిన ఇంకో చిరుధాన్యం. అన్నీ ఈ మెట్ట నేలవే, వాన మీదే పండేవి. గోధుమ, బార్లీ ఉత్తరం నుంచి వచ్చి చేరాయి గానీ అసలు తిండి ఇదే. నాకు ఇరవై రెండేళ్లుగా తెలియని సమాధానం స్టీలు గిన్నెలో పొగలు కక్కుతూ వచ్చింది. మీల్స్ నూట ఇరవై. తమ్ముడు ఆట ఓడిపోయి మూడుసార్లు పోయించుకున్నాడు.

సంగనకల్లు కొండలు బళ్లారి పొలిమేరలోనే. పేర్లు సన్నరాచమ్మ, హిరేగుడ్డ. కింద క్వారీలు, క్రషర్ల మోత. పైన నవీన శిలాయుగపు ఊరు. 1946లో పుణె దక్కన్ కాలేజీ నుంచి వచ్చి ఇక్కడ పద్ధతిగా తవ్వినాయన బెండపూడి సుబ్బారావు. ఇంటిపేరు చూడగానే నాకు మనవాడన్న గర్వం కలిగింది. ఎందుకో తెలియదు, ఆయన నాకేమీ చుట్టం కాదు.

కొండ ఎక్కడానికి ఒక మేకల కాపరి కుర్రాడు తోడొచ్చాడు, రెండు వందలు. గ్రానైటు కొండ మధ్య నల్లరాతి చార ఒకటి నిలువునా పైకి పోతుంది. డోలరైట్ రాయి. ఆ రాయినే విరగ్గొట్టి, చెక్కి, నూరి గొడ్డళ్లు చేశారు. ఇక్కడ గొడ్డళ్ల తయారీ ఇంటి పనిగా కాక, ఊరి పరిశ్రమలా సాగింది. చెక్కు ముక్కలు ఇప్పటికీ కాళ్ల కింద గలగలమంటాయి. నూరిన చోట బండల మీద నున్నటి పొడవాటి గాడులు మిగిలాయి. ఒకదాంట్లో అరచేయి పెట్టాను. మా అమ్మమ్మ ఇంటి రోలు లోపలి నునుపు అది.

పైకి పోయేకొద్దీ నల్లబండల మీద బొమ్మలు. పొడవాటి కొమ్ముల ఎద్దులు, ఎద్దులు, మళ్లీ ఎద్దులు, అక్కడక్కడ మనుషులు. రాయిని రాయితో పొడిచి చేసినవి. కొన్ని మనిషి నిలబడలేని చోట ఉన్నాయి, వేలాడుతూ చెక్కారేమో. 1892 ప్రాంతంలో వీటి గురించి ఇంగ్లిషువాళ్లు రాశారు, తర్వాత దాదాపు మరిచిపోయారు. మళ్లీ ఈ శతాబ్దం మొదట్లో పురావస్తు పరిశోధకురాలు నికోల్ బోయివిన్ వెతికి పట్టుకుంది.

కాపరి కుర్రాడు ఒక బండ దగ్గర ఆగి, "అక్కా, కేళు" అని గులకరాయితో కొట్టాడు. ఖంగుమంది. బడి గంట మోగినట్టే. ఆ బండ మీద కొట్టి కొట్టి పడిన గుంటలు ఉన్నాయి. వేల ఏళ్ల కిందటే ఎవరో దీన్ని వాయించారు. ఆ కుర్రాడు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా మోగించి చూపాడు. కింద క్రషర్ ఒక్క క్షణం ఆగినట్టనిపించింది, ఆగలేదు. తమ్ముడు మొదటిసారి ఫోన్ తీసి రికార్డు చేశాడు, మాట్లాడకుండా.

దిగేటప్పుడు ఆ కుర్రాడికి ఒక సంగతి చెప్పాలనుకుని మానుకున్నాను. దక్షిణాది నవీన శిలాయుగపు ఊళ్లలో చంటిపిల్లలు చనిపోతే కుండలో పెట్టి ఇంటి నేలలోనే పూడ్చుకునేవారు. పొద్దుగూకే వేళ కొండ మీద చెప్పే మాట కాదు.

నాలుగో రోజు: కుడతిని

పొద్దున బళ్లారిలో ఫుట్ పేరు మీద ఉన్న సంగనకల్లు మ్యూజియం చూశాం. నిన్న చేయి పెట్టిన గాడుల్లో నూరిన గొడ్డళ్లు అద్దాల వెనక నిద్రపోతున్నాయి. బజార్లో ఒక కొట్టులో అండుకొర్రలు అడిగితే "కొరలె?" అన్నాడు. కిలో నూట నలభై. "బియ్యం కన్నా రెండింతలా? నాలుగు వేల ఏళ్ల సరుకు కదా, పాత స్టాకు తగ్గించమను" అన్నాడు తమ్ముడు. కొట్టువాడికి తెలుగొచ్చు. నవ్వాడు గానీ పైసా తగ్గించలేదు.

హొసపేట రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల చిల్లర పోతే కుడతిని. అక్కడ రోడ్డు పక్కనే ఉంది బూడిద దిబ్బ. పేరు బూదికనమ, అంటే బూడిద కనుమ. లారీలు దాన్ని రాసుకుంటూ పోతున్నాయి. దూరం నుంచి చూస్తే మట్టిదిబ్బే. దగ్గరికెళ్తే మెత్తటి బూడిద పొరలు, మధ్యలో కరిగి గడ్డకట్టిన చిట్టెం లాంటి ముద్దలు. మన కాళ్ల కింద అది కాస్త బోలుగా శబ్దం చేస్తుంది.

రాక్షసుల చితి బూడిద అని ఈ ప్రాంతంవాళ్లు తరతరాలుగా చెప్పుకున్నారు. హంపి పక్క నింబాపురంలోని దిబ్బను వాలి చితి అంటారు. అగ్నిపర్వతమేమో, ఇనుము కరిగించిన కొలిమేమో అని ఇంగ్లిషువాళ్లు రకరకాలుగా ఊహించారు. పేడ అని ఫుట్ ముందే అన్నాడు. తేల్చింది మాత్రం మన నేల మీదే: 1950లలో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వకం. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, నేనూ మొదట అలాగే పొరబడ్డాను. అక్కడ దుంగల దడి జాడలు, లోపల పశువుల గిట్టల ముద్రలు దొరికాయి. దొడ్డి. ఏళ్ల తరబడి పోగైన పేడను తగలబెట్టారు, మళ్లీ పోగేశారు, మళ్లీ తగలబెట్టారు. దక్షిణాదిలో మనకు దొరికిన తొలి పల్లెలు ఇవి, సుమారు క్రీ.పూ. 3000 నుంచి. నా పాఠంలో రైతు ముందు, పశువులు తర్వాత. ఇక్కడ మంద ముందు నిలబడి ఉంది.

ఎందుకు తగలబెట్టారన్నదే చిక్కు. పండగ మంటలేమో అన్నాడు ఆల్చిన్. మైసూరు వైపు సంక్రాంతి సాయంత్రం ఇప్పటికీ ఎద్దులను మంట మీంచి దూకిస్తారు. పెళ్లికో జాతరకో మందలన్నీ కలిసినప్పుడు కాల్చారని కొందరు, దోమలకూ రోగాలకూ అని కొందరు.

దిబ్బ నీడలో ఒక గొర్రెల కాపరి కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి, భుజాన కంబళి. తెలుగు బాగానే వచ్చు. నేను ఉత్సాహంగా సంగతంతా చెప్పాను. చివరి దాకా ఓపిగ్గా విని, "పేడ కాల్చినారా?" అన్నాడు.

"అవును పెద్దాయనా."

"ఎరువుని ఎవురన్నా కాలుస్తారామ్మా? మేం రాత్రి మంద పెడితే రైతు డబ్బులిస్తాడు, జొన్నలిస్తాడు. అట్లాంటిది ఇంత దిబ్బ కాల్చినారా?"

పండితుల వాదనలు చదివిన నాకు ఇది తట్టలేదు. అప్పటికి ఎరువు అవసరమంత సేద్యం లేదేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. చిట్టెం ముద్ద ఒకటి కర్రతో పొడిచి చూసి, "ఎన్ని ఆవులుంటే ఇంత అయితాది" అని తనలో తాను లెక్క వేసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, వాళ్ల మంద మూడు వందల గొర్రెలనీ, రాత్రికి ఎంత తీసుకుంటారో, తిండి మాత్రం రైతే పెట్టాలనీ చెప్పి, "మీకు ఎన్ని ఎకరాలు?" అని అడిగాడు.

పొలం లేదన్నాను.

"పొలమే లేదా? మరి ఈ పేడ గోల మీకెందుకమ్మా!" అని నవ్వుతూ లేచి, రోడ్డెక్కబోతున్న గొర్రెలను అదిలించుకుంటూ పోయాడు.